కథానాయకుడి గుర్రానికి ఆకలెయ్యదా?

విజయనగర కాలం నాటి సరదా సాహస నవల ఒకటి మొన్న చదివాను. అరవయ్యో పేజీలో వీరుడు పెనుకొండ కోట గోడ మీంచి దూకాడు. కింద గుర్రం ఉంది. ఎందుకుందని అడక్కండి. బస్టాండు బయట ఆటో ఉన్నట్టు ఈ నవలల్లో గోడ కింద గుర్రం ఉంటుంది. ఆటోవాడు బేరమైనా ఆడతాడు.

రాత్రికి రాత్రే హంపీ చేరాడు. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. దారిలో ఒక ఏరు దూకించాడు, ఇద్దరు దొంగలను తన్నాడు, చెరువు గట్టున ఏడుస్తున్న రాకుమార్తెను ఎక్కించుకున్నాడు. ఆవిడ వీణను కూడా. కాసేపటికి ఆవిడ వీణ వాయించింది, దౌడు మీదే. గుర్రం తాళం తప్పలేదు. నీళ్లడగలేదు, లద్దె వెయ్యలేదు. ఒళ్లు తెలియకుండా దౌడు తీస్తే ఏ గుర్రమైనా నాలుగైదు కిలోమీటర్లకే రొప్పుతుంది. ఇది మాత్రం తెల్లారేసరికి విరూపాక్ష గోపురం ముందు హాయిగా సకిలించింది. పుష్పక విమానమేమోనని నా అనుమానం. కానీ పుష్పకానికైనా కుబేరుడని ఒక సొంతదారున్నాడు కదా, దీనికెవరు?

మన వీరుడు కట్టుబట్టలతో ఇల్లు వదిలిన రైతుబిడ్డ. ఆ కాలంలో గుర్రం ధర తెలుసా? సాళువ నరసింహరాయలు ఓడల మీద వచ్చే గుర్రాలను వెయ్యి వరహాలకు మూడు చొప్పున కొన్నాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. చచ్చినా బతికినా అదే ధర. సముద్రంలో చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలట, డబ్బు చేతిలో పడేది. ఉత్త తోకకే అంత పలికిన రాజ్యంలో మనవాడు నిండు గుర్రాన్ని సత్రం ముందు వదిలేసి జొన్నరొట్టె తినడానికి లోపలికెళ్లాడు. బయటికొచ్చేసరికి అక్కడే ఉంది. తోకతో సహా!

ఇంతవరకూ నవ్వుకుని వదిలేద్దును. నూట పదో పేజీలో వీరుడు పగ్గాలు విసిరాడు. 'ఎవడో అందుకున్నాడు.' అంతే రాశాడు మహానుభావుడు. ఎవడో!

పదమూడో శతాబ్దంలో మార్కో పోలో పాండ్య దేశం గురించి చెప్పింది ఏమిటి? ఒక్కో రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడు, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవు, చూసుకోవడం తెలిసినవాళ్లు లేక. అన్నంలో మాంసం కలిపి వండి పెట్టేవారట! బొక్కసాలు గుమ్మరించినా బతకని జంతువును బతికించేది ఈ 'ఎవడో' అయ్యా. తెల్లవారుజామున లేచి ఉలవలు ఉడకబెట్టేదీ, గిట్టలో ముల్లు తీసేదీ, ఆ తీసేటప్పుడు తన్ను తినేదీ వాడే. రాకుమార్తె వడ్డాణానికి రెండు పేజీలు రాసిన చేతికి వాడికొక పేరు పెట్టడానికి నొప్పేంటి? ఆ వీరుడు నాకక్కర్లేదు, గోడ దూకడం కోతికీ వచ్చు. ఆ మనిషి ఇంటికెళ్లి ఏం తిన్నాడో, అసలు వెళ్లాడో లేదో, అది చెప్పు నాకు.

రెండో భాగం రాస్తున్నాడట. వీరుడు ఈసారి మోటుపల్లి రేవుకు బయల్దేరతాడట, అదే గుర్రం మీద. అరవయ్యో పేజీ నుంచి దానికి ఎవరూ దాణా పెట్టినట్టు లేదు.