నెత్తిన నూనె, చేతిలో షాంపూ

గత నెలలో నేను ఒక సూపర్‌మార్కెట్‌లో, జిడ్డు జుట్టు కోసమే ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పుకునే షాంపూ సీసా ఒకటి కొన్నాను. ఆ సీసా నడుముకు టేపు చుట్టి ఇంకో చిన్న సీసాను కట్టి ఉంచారు. అది తలనూనె, పూర్తిగా ఉచితం. ఎక్కడో పొరపాటు జరిగిందన్న అనుమానంతో బిల్లు వేసే అమ్మాయికి చూపిస్తే, ఆమె నా వంక జాలిగా చూసి, "ఆఫర్ సార్, స్టాక్ ఉన్నంత వరకే" అంది. ఇంటికి వచ్చి తీరిగ్గా ఆలోచించాక తెలిసింది, అందులో పొరపాటేమీ లేదని. శనివారం రాత్రి మాడుకు నూనె పట్టించి ఆదివారం పొద్దున దాన్ని వదిలించుకోవడానికి ఆపసోపాలు పడే జాతి ఒకటి ఉందని కనిపెట్టి, రోగాన్నీ మందునూ ఒకే టేపుతో కట్టి అమ్మిన ఆ అజ్ఞాత మేధావికి తెలుగువాడి తల నాకన్నా బాగా తెలుసు. కాబట్టి ఈ జిడ్డు సమస్యను నవ్వులాటగా తీసుకోవద్దని పాఠకులకు ముందే మనవి చేస్తున్నాను.

మన భాష దీన్ని ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. పట్టుకుంటే వదలని మనిషిని జిడ్డుగాడంటాం, ఎన్ని బంతులు వేసినా ఔట్ కాకుండా విసిగించే ఆటను జిడ్డు బ్యాటింగ్ అంటాం, గట్టిగా చీవాట్లు పెట్టడాన్ని తలంటడం అంటాం. షాంపూ అన్న మాటైనా పరాయిది కాదు. ఒత్తడం, పిసకడం అనే అర్థమున్న హిందీ మాట 'చాంప్నా' నుంచి అది పుట్టింది. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే పెద్దమనిషి 1814 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రైటన్ పట్నంలో ఆవిరి స్నానాలశాల తెరిచి, దొరల ఒళ్లు పిసికి ఈ మాటకు అక్కడ పేరు తెచ్చాడు. నాల్గవ జార్జి రాజుగారికి ఆస్థాన మర్దనకారుడూ అయ్యాడు. మర్దనకు పేరుగా ఓడెక్కి వెళ్లిన మాట, మర్దన తాలూకు నూనెను కడిగే సరుకుకు పేరై సీసాలో కూర్చుని మన స్నానాల గదికే తిరిగి వచ్చింది. అల్లుడిగా వెళ్లినవాడు అప్పులవాడై తిరిగొచ్చినట్టు.

పాలకులు, న్యాయమూర్తులు కూడా ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చిన్న సీసాలో అమ్మే కొబ్బరినూనె వంటనూనెనా, తలనూనెనా అన్న ప్రశ్న పన్ను అధికారులకూ తయారీదారులకూ మధ్య ఏళ్ల తరబడి నలిగి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2018లో ఇద్దరు న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయానికి కారణమై, చివరికి 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు తేలింది. తలనూనె అని చెప్పి అమ్మితే తప్ప, సీసా చిన్నదైనంత మాత్రాన అది తలనూనె అయిపోదట. సీసా ఏ సైజుదైనా అందులోది నా నెత్తికే చేరాలని నమ్మే మా అమ్మకు ఈ తీర్పు సంగతి నేనింకా చెప్పలేదు. ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె మీదా, షాంపూ మీదా జీఎస్టీని ఒకేసారి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పోసేదాన్నీ, వదిలించేదాన్నీ ఒకే కంటితో చూడటమంటే ఇదే.

పైనుంచి పోసిన నూనె సంగతి సరే, చుక్క నూనె తగలకుండానే సాయంత్రానికి జిడ్డు కారే తలలు ఉన్నాయి. నాది ఆ కోవలోది. ఇసుక నుంచి తైలం తీయడం అసాధ్యమన్న పెద్దలు నా మాడును చూసి ఉంటే ఇసుక జోలికి వెళ్లేవారు కాదు. వెంట్రుక మొదలు పక్కనే చర్మంలో ఉండే చిన్న గ్రంథులు సీబమ్ అనే నూనెను తయారుచేస్తాయి. వాటికి ఉత్తర్వులు హార్మోన్ల నుంచి, ముఖ్యంగా పురుష హార్మోన్లుగా పేరుపడ్డ ఆండ్రోజెన్ల నుంచి వస్తాయి. యుక్తవయసు రాగానే ఈ శాఖ ఒక్కసారిగా చురుకవుతుంది. మనం తల రుద్దామా లేదా అన్నది ఆ శాఖ పట్టించుకోదు. అయినా మా హాస్టల్లో ఒక సిద్ధాంతం గట్టిగా చలామణీలో ఉండేది: ఎక్కువసార్లు తలస్నానం చేస్తే మాడు పౌరుషానికి పోయి రెట్టింపు నూనె కారుస్తుందనీ, మూడు వారాలు ముట్టుకోకుండా వదిలేస్తే దానికే బుద్ధి వస్తుందనీ. ఈ సిద్ధాంతాన్ని నిష్ఠగా ఆచరించిన మిత్రుడి తలగడ గలీబు మీద, రెండో వారానికే అతని తల అచ్చు గుద్దినట్టు కనబడేది. మాడుకు బుద్ధి రాలేదు. గ్రంథులకు సబ్బు వార్త చేరదు. నూనె కారేవాడు కారేకొద్దీ కడుక్కోవడమే, అవసరమైతే రోజు విడిచి రోజు, మరీ అవసరమైతే రోజూ.

ఇక షాంపూ చేసే పని పెళ్లిళ్ల పేరయ్య పనే. నూనెకూ నీటికీ పుట్టుకతోనే పడదు. షాంపూలోని అణువుకు ఒక కొస నూనె పక్షం, మరో కొస నీటి పక్షం. ఒక చేత్తో జిడ్డును పట్టుకుని, రెండో చేత్తో నీటిని పట్టుకుని, ఇద్దరినీ కలిపి కాలువ దాకా సాగనంపుతుంది. ఇందులో నన్ను నిద్రపోనివ్వని విశేషం మరొకటి ఉంది. సీసా వెనుక కనబడే కోకామిడోప్రొపైల్ బీటైన్ అనే పెద్దపేరు పదార్థాన్ని కొబ్బరినూనె నుంచే తీస్తారు. నురగకు మూలమైన సోడియం లారెత్ సల్ఫేట్‌కు కూడా చాలాసార్లు ముడిసరుకు కొబ్బరినూనె, లేదా తాటిజాతి గింజల నూనె. అంటే నేను శనివారం డబ్బిచ్చి కొబ్బరినూనె పోసుకుని, ఆదివారం మళ్లీ డబ్బిచ్చి, మారువేషంలో వచ్చిన కొబ్బరినూనెతో దాన్ని వదిలించుకుని, జుట్టు మరీ పీచులా అయిందని కండిషనర్ పేరుతో మూడోసారి జిడ్డు కొంటున్నాను. ఏ కొబ్బరిచెట్టుకూ ఇంత ఆదాయం తెచ్చిపెట్టే జీవి భూమ్మీద మరొకటి లేదు.

సీసా ఎంచుకోవడంలో నేను పోగొట్టుకున్న డబ్బుకు లెక్కలేదు గానీ, ఒక్క సంగతి మాత్రం గ్రహించాను: ముందువైపు కవిత్వం ఉంటుంది, వెనకవైపు వాస్తవం ఉంటుంది. ముందువైపు జలపాతం, నిమ్మకాయ, గాలికి ఎగిరే కురులు. పోషణ, తేమ, పట్టులాంటి మెరుపు అని రాసి ఉంటే అది జిడ్డు తలవాడి సరుకు కాదు. ఎండిపోయిన జుట్టు కోసం నూనెలూ, సిలికోన్లూ దట్టించి చేసినది. వెనక జాబితాలో దినుసులను సాధారణంగా ఎక్కువ పాళ్లలో ఉన్నదాని నుంచి తక్కువ దాని వరకు వరుసగా రాస్తారు గనుక, డైమెథికోన్ అనే సిలికోన్ పేరు బాగా పైన కనబడితే సీసాను సగౌరవంగా అరలో పెట్టేయవచ్చు. నిమ్మకాయ బొమ్మ ముందువైపు సగం ఆక్రమించినా, వెనక జాబితాలో మాత్రం పరిమళం పక్కన, అట్టడుగున, భూతద్దానికే దొరుకుతుంది. షాంపూ, కండిషనర్ రెండూ ఒకే సీసాలో అంటే కడిగే చేయీ, పూసే చేయీ ఒకటేనన్నమాట. చుండ్రు కూడా ఉంటే అది వేరే కథ. మలసీజియా అనే శిలీంధ్రం మన మాడు నూనె మీదే బతుకుతుంది. చుండ్రు రాలుతోంది, మాడు ఎండిపోయింది అని ఇంట్లోవాళ్లు ఇంకాస్త నూనె పట్టించడం, అతిథి వెళ్లడం లేదని రెండో పూట కూడా వడ్డించడం లాంటిది. దానికి కీటోకొనజోల్ వంటి మందు ఉన్న షాంపూలు ఉన్నాయి. నురగ పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి, తగ్గకపోతే చర్మవైద్యుణ్ని కలవాలి. ఇంత సూటిగా చెప్పే మాట ఏ ప్రకటనలోనూ దొరకదు.

వాడటం అన్నిటికన్నా పెద్ద శాస్త్రం. కిరాణా కొట్టు గుమ్మానికి తోరణంలా వేలాడే రూపాయి ప్యాకెట్ దక్షిణాది ఇచ్చిన వరం. తమిళనాడులోని కడలూరు వైపు నుంచి 1980లలో ఊరూరా పాకింది. దాని మూల చింపడానికి ఇంకా ఏ పరికరమూ కనిపెట్టలేదు. తడిచేతికి లొంగదు, పళ్లతో పట్టి లాగితే సగం నాలుక మీదికి, పావు గోడ మీదికి పోయి, మిగిలిన పావే తలకు దక్కుతుంది. సీసా వాడేవాళ్లు తక్కువేం తినలేదు. అయిపోయిన సీసాను మూడు రోజులు తలకిందులుగా నిలబెట్టి, తరవాత నీళ్లు పోసి గిలక్కొట్టి, ఆ పలచని ద్రవంతో మరో వారం గడిపి, "ఈ షాంపూకి నురగే రావడం లేదు" అని కంపెనీని తిట్టడం మధ్యతరగతి హక్కు.

నురగ రాకపోవడానికి అసలు కారణం వేరే ఉంది, అది తెలిస్తే చాలామంది డబ్బు మిగులుతుంది. జిడ్డు నురగను చంపుతుంది. మొదటిసారి పోసినది నూనెను పట్టుకునే పనిలోనే ఖర్చయిపోతుంది గనుక నురగ కట్టదు. మనం షాంపూ తక్కువైందనుకుని ఇంకో గుప్పెడు దాని మీదే పోస్తాం. అలా కాకుండా కొంచెం పోసి రుద్ది, శుభ్రంగా కడిగేసి, మళ్లీ కొంచెం పోస్తే రెండోసారి నురగ విరగబూస్తుంది. రుద్దవలసింది కూడా మాడునే, వేలికొసలతో. నూనె పుట్టేది అక్కడ గనుక. జడ కొసలను బట్టలు ఉతికినట్టు ఉతికితే మిగిలేది పీచు. కండిషనర్ మాత్రం అందుకు తలకిందులు: కొసలకే గానీ మాడుకు తగలకూడదు.

కుంకుడుకాయల పక్షం నుంచి నాకు ఉత్తరాలు వస్తాయని తెలుసు. కాయలు చితక్కొట్టి, వేణ్నీళ్లలో నానబెట్టి, పిసికిన ఆ పసుపు నురగ ఆదివారం పొద్దున కళ్లలో పడి, "అయిపోయింది, అయిపోయింది" అంటూ అమ్మ ఇంకో మగ్గు పోసిన అనుభవం నాకూ ఉంది. అందులోని సపోనిన్లు అనే నురగ పదార్థాలు చేసేదీ ఆ పెళ్లిళ్ల పేరయ్య పనే, కాకపోతే నెమ్మదిగా, కాస్త కంటనీరు పెట్టించి. శీకాయ కూడా ఆ వంశమే. ఒంటిసబ్బుతో తల రుద్దుకునే వీరుల కన్నా వీళ్లు వెయ్యి రెట్లు నయం. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లని తెట్టు కట్టి, పోయిన జిడ్డు స్థానంలో కొత్త జిడ్డు కూర్చుంటుంది. ఈ గొడవంతా ఎందుకని తిరుమల కల్యాణకట్టలో ఉచితంగా తలనీలాలు ఇచ్చి వచ్చిన మా బాబాయి మాత్రం పది రోజులు మౌనంగా ఉన్నాడు. జుట్టు పోయింది గానీ గ్రంథులు అక్కడే ఉన్నాయి. గుండు మెరుపు చూసి వీధిలో పిల్లలు తల దువ్వుకునేవారు.

మొన్న మా వరండాకు రంగు వేయించాము. గోడకు ఆనించిన కుర్చీ వెనక, సరిగ్గా తల ఎత్తున, తాతయ్య నుంచి నా దాకా మూడు తరాలు ఆనుకుని చేసిన గుండ్రని నల్లమరక ఉంది. రంగులాయన దాన్ని వేలితో గీకి, "ఇది వదలకుండా రంగు పట్టదండీ" అన్నాడు. ఏదీ దొరక్క ఆ జిడ్డు జుట్టు షాంపూనే తెచ్చి ఇచ్చాను. తడిగుడ్డ మీద పోసి రుద్దాడు, నురగ రాలేదు. కడిగి మళ్లీ పోయమన్నాను. రెండోసారి తెల్లగా పొంగింది, మరక వదిలింది. సాయంత్రానికి గోడ కొత్తగా మెరుస్తుంటే అమ్మ ఆ కుర్చీని యథాస్థానంలోకి జరిపి, ఆఫర్‌లో వచ్చిన చిన్న సీసా మూత తీసి, "తల చూడరా ఎలా ఎండిపోయిందో, ఇలా వచ్చి కూర్చో" అంది.