మరో కుక్కపిల్లను తెచ్చుకుంటే తీరే దిగులు కాదు

పెంపుడు జంతువు మరణం గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను. ముసలి కుక్క పోతే వెంటనే మరో కుక్కపిల్లను తెచ్చుకోవాలన్న ఆ వ్యాసకర్త సలహాతో ఏకీభవించలేను. సమాజం గుర్తించని ఇటువంటి శోకం గురించి అమెరికన్ ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లోనే వివరంగా రాశారు. మూత్రపిండాలు దెబ్బతిన్న జంతువుకు నెలల తరబడి వేళకు మందులు వేసి, రాత్రుళ్లు లేచి చూసుకున్నవారికి, అది పోయాక ఆ వేళలన్నీ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. నొప్పి చూడలేక కారుణ్య మరణానికి ఒప్పుకున్నవారినైతే తొందరపడ్డామా, ఆలస్యం చేశామా అన్న ప్రశ్న వదలదు. ఆ సందేహాన్ని చికిత్స చేసిన పశువైద్యునితోనే (చాలామంది మొహమాటపడతారు గానీ) మాట్లాడటం మేలు. ఇంట్లో ఉన్న రెండో జంతువు కూడా కొన్నాళ్లు తిండి తగ్గించి, తోటిదాని కోసం వెతుక్కోవచ్చు. పూర్తిగా మానేస్తే, ముఖ్యంగా అది పిల్లి అయితే, బెంగే కదా అని ఊరుకోకుండా వెంటనే వైద్యునికి చూపించాలి.