పోర్టులు నిండితే బోర్డే మార్చాలా?

డెస్క్‌టాప్‌లో సాటా పోర్టులు (మదర్‌బోర్డు మీద డిస్కుల డేటా వైర్లు గుచ్చే చోట్లు) నిండిపోయాయి, ఇంకో రెండు హార్డ్ డిస్కులు పెట్టాలి అని అడిగితే చాలు, "బోర్డు మార్చేయండి సార్" అంటారు. మొన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు ఒక షాపులో మా తమ్ముడికి ఇచ్చిన సలహా అదే. వాడు పెళ్లి వీడియోలు తీస్తాడు, డిస్కులు ఎన్నున్నా చాలవు. బోర్డు మారిస్తే ప్రాసెసర్, ర్యామ్ కూడా మారాల్సి రావచ్చు. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు ఉంది.

ముందు మాన్యువల్ చూడండి. చాలా బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో (వైర్లు లేకుండా నేరుగా బోర్డుకే బిగించే చిన్న స్లాట్) ఎస్ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి. జనం మాత్రం పోర్టు కాలిపోయిందనుకుంటారు.

నిజంగానే పోర్టులు చాలకపోతే బోర్డు మీది పీసీఐఈ స్లాట్‌లో గుచ్చి సాటా పోర్టులు పెంచుకునే చిన్న కార్డు ఒకటి చాలు. కొనేటప్పుడు ఎన్ని పోర్టులని కాదు, చిప్ ఏదని అడగండి. ఏఎస్ఎం1064 అయితే నాలుగు పోర్టులు, ఏఎస్ఎం1166 అయితే ఆరు. చవగ్గా ఎనిమిది, పది పోర్టులు ఇస్తున్నారంటే లోపల పోర్ట్ మల్టిప్లయర్ (ఒకే పోర్టును చాలా డిస్కులకు పంచే చిప్) ఉండే అవకాశం ఎక్కువ. అందులో ఒక డిస్కు మొరాయిస్తే పక్కవి కూడా ఒక్కోసారి మాయమవుతాయి. స్పీడు గురించి టెన్షన్ వద్దు. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 200 ఎంబీ అటూఇటూ ఇస్తుంది, పీసీఐఈ 3.0లో ఒక్క లేన్ (డేటా నడిచే దారి) సెకనుకు దాదాపు 985 ఎంబీ మోస్తుంది. ఎస్ఎస్‌డీలను మాత్రం బోర్డు పోర్టులకే ఉంచి, హార్డ్ డిస్కులను కార్డు మీదకు మార్చండి.

నాకు అసలు మండేది కరెంటు దగ్గర. కార్డుతోపాటు "ఇది కూడా తీసుకోండి" అని చేతిలో పెట్టే మోలెక్స్ టు సాటా వైరు (పవర్ సప్లైలోని పాతకాలపు నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి సాటా డిస్కుకు కరెంటు ఇచ్చేది) ఉంటుందే, దాని తల ఒకసారి తిప్పి చూడండి. వైర్లు ఒకే ప్లాస్టిక్ ముద్దలో పోతపోసినట్టు దిగిపోయి ఉంటే తీసుకోవద్దు. లోపల పక్కపక్కనే ఉన్న 12 వోల్టుల తీగ, గ్రౌండ్ తీగ ఒకదానికొకటి తగిలి షార్టయి, అలాంటివి కరిగిపోయిన, నిప్పంటుకున్న సంఘటనలు చాలానే ఉన్నాయి. ఒక్కో వైరు విడిగా, వెనక మూత తీయగలిగేలా క్రింప్ చేసినవి (పిన్నులకు నొక్కి బిగించినవి) మేలు. పవర్ సప్లైలోనే ఖాళీ సాటా కనెక్టర్ ఉంటే అసలు గొడవే లేదు. పాత పవర్ సప్లై తాలూకు మాడ్యులర్ కేబుల్ (విడిగా ఊడదీయగలిగేది) సరిగ్గా పట్టింది కదా అని కొత్తదానికి మాత్రం తగిలించకండి. కంపెనీ కంపెనీకీ పిన్నుల వరస వేరు, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే డిస్కు అక్కడికక్కడే పోతుంది. ఇంత ముఖ్యమైన సంగతి ఒక్క షాపులోనైనా చెప్పరేం?

మీ బోర్డు మోడల్, ఖాళీగా ఉన్న స్లాట్లు, పవర్ సప్లై వాట్లు కామెంట్లో పెట్టండి, ఏ కార్డు సరిపోతుందో చెబుతాను. కొత్త బోర్డు బిల్లు ఫోటో మాత్రం పెట్టకండి, నాకు బీపీ పెరుగుతుంది.