పన్నొక్కటే చూశారు, మనిషిని చూడలేదు

కోపంతో ఇంకా చేతులు వణుకుతున్నాయి. గంట క్రితమే అమ్మను పంటి డాక్టరు దగ్గర నుంచి ఇంటికి తీసుకొచ్చాను. కింది దవడ పన్ను నొప్పి. కుర్చీ వెనక్కి వాల్చి, చిన్న అద్దం లోపల పెట్టి చూసి, ఎక్స్‌రే తీసి, "ఇది ఉంచి లాభం లేదు, ఇప్పుడే తీసేద్దాం" అన్నారు. అంతా కలిపి ఐదు నిమిషాలు. అమ్మ మందుల సంచి ఒళ్లో పెట్టుకునే పడుకుంది. అందులోంచి ఒక షీటు తీసి చూపించబోతే, "అవి పంటికి సంబంధం లేనివమ్మా, నోరు తెరవండి" అన్నారు.

సంబంధం లేదా? ఆ షీటులో ఉన్నది వార్ఫరిన్, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిళ్ల. గుండె వాల్వు మార్చినప్పటి నుంచి అమ్మ రోజూ వేసుకుంటోంది. పన్ను తీసే ముందు ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష లెక్క, ఎంతుందో చూడకపోతే ఆ రాత్రి రక్తం ఆగకుండా కారితే ఎవరు దిక్కు? పైగా వాల్వు మార్చిన మనిషికి ముందుగా యాంటీబయోటిక్ ఇవ్వాలా అన్నది చూసుకోవాలి. చిగుళ్లలోంచి రక్తంలోకి పోయిన బ్యాక్టీరియా ఆ వాల్వును పట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఒక్క ప్రశ్న, "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడగడానికి అర నిమిషం పట్టదు. అమ్మను కుర్చీలోంచి లేపి తీసుకొచ్చేశాను.

ఇంకొందరుంటారు, గుండె డాక్టరుతో ఒక్క మాట అనకుండా "ఆ బిళ్ల నాలుగు రోజులు ఆపేసి రండి" అంటారు. అది ఇంకా భయం. రక్తం గడ్డకడితే? ఐఎన్‌ఆర్ ఉండాల్సినంతలో ఉంటే, మామూలుగా ఒక పన్ను తీయడానికి ఆ మందు ఆపక్కర్లేదు కూడా.

ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందులూ అంతే. అవి వాడేవాళ్లలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానక బయటికి కనబడుతూ ఉండిపోతుందని 2003 నుంచీ డాక్టర్లకు తెలుసు. షుగర్ సంగతి చెప్పక్కర్లేదు. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు దెబ్బతింటాయి, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు చేయడం కష్టమవుతుంది. చిగురుకీ పంటికీ మధ్య సన్నటి కొలత పుల్ల పెట్టి లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు, అది దాటితే ఆలోచించాలి. అమ్మకు ఆ పుల్ల ఇంతవరకూ ఒక్కరూ పెట్టలేదు. నాలుక పక్కకు లాగి అంచులు, నాలుక కింద చూసినవాళ్లూ లేరు. రెండు వారాలకు మానని పుండు కనిపిస్తే పరీక్ష చేయించాల్సిన చోటు అది.

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదటి డెంటల్ కాలేజీ పెట్టి పంటి చదువును మామూలు డాక్టరు చదువు నుంచి వేరు చేశారట. చదువు వేరైతే అయింది, నోరు ఒంట్లోనే ఉంది కదా!

నాకు అసలు మండేది నాన్న విషయంలో. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారు. చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరిగాయి. వెళ్లిన ప్రతిసారీ "సరిగ్గా తోముకోవడం లేదు" అనే మాటే. రెండేళ్లు! మా నాన్న, ఎవరి చేతా మాట పడని మనిషి, అద్దం ముందు నిలబడి తోమీ తోమీ బ్రష్ కుచ్చులు రెండు వైపులా విచ్చుకుపోయేవి. ఉమ్మితే ఎర్రగా పడేది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. చివరికి ఒక పంటి డాక్టరమ్మ, నోరు చూడకముందే మందుల చీటీ అడిగి, "ఇది మీ తప్పు కాదండీ, ఈ బిళ్ల వల్ల కొందరికి ఇలా అవుతుంది" అని బీపీ డాక్టరుకు ఉత్తరం రాసిచ్చారు. బిళ్ల మార్చారు, శుభ్రంగా క్లీనింగ్ చేశారు, కొన్ని నెలలకు వాపు తగ్గింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం పోలేదు.

ఇప్పుడు అమ్మ దవడ పట్టుకుని కూర్చుని, "ఆయన పెద్ద డాక్టరు, ఆయనకు తెలియదా, అనవసరంగా లేపుకొచ్చావు" అంటోంది. రేపు పొద్దున్నే ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్తున్నాను.