లేజర్ కొడితే కరెంటు బిల్లు సున్నా అట!

"జర్మనీ శాస్త్రవేత్తలు లేజర్‌తో గది వేడిమిలోనే సూపర్ కండక్టర్ చేసేశారు. ఇక కరెంటు బిల్లు సున్నా. సోలార్ పెట్టించుకుని మోసపోకండి." మూడు రోజుల్లో ఈ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. సూపర్ కండక్టర్ అంటే కరెంటు ఏ అడ్డూ లేకుండా, నష్టం లేకుండా పారే పదార్థం. ఆరోసారి పంపింది మా మావయ్య. అందుకే రాస్తున్నా.

"2023 నోబెల్ దీనికే" అట. కాదు, అది అట్టోసెకన్ల (సెకనులో ఊహకందనంత చిన్న తునకల) కాంతి మెరుపులు పుట్టించే పద్ధతులకు.

"మన ఋషులు చెప్పిన త్రుటి ఇదే" అట. సరే, తర్వాతిది.

ఇక బిల్లు సంగతి. జర్మనీలో హాంబర్గ్ మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలో కవల్లెరి అనే శాస్త్రవేత్త బృందం వాడింది ఫుట్‌బాల్ ఆకారపు కర్బన అణువుల మధ్య పొటాషియం ఇరికించిన పదార్థం. మామూలుగా అయితే 20 కెల్విన్ల దిగువనే, అంటే మైనస్ 253 డిగ్రీల్లోనే సూపర్ కండక్టర్. లేజర్ కొడితే 100 కెల్విన్ల (మైనస్ 173 డిగ్రీల) దగ్గరా ఆ లక్షణాలు కనిపించాయని 2016లో ప్రకటించారు. ఎంతసేపు? కొన్ని పికోసెకన్లు, ఒక్కోటి సెకనులో లక్ష కోట్ల వంతు. తర్వాత నానోసెకన్ల (సెకనులో వంద కోట్ల వంతుల) దాకా లాగారు. నానోసెకన్‌లో కాంతే 30 సెంటీమీటర్లు, స్కూలు స్కేలంత దూరం పోతుంది. సెకనుకు వెయ్యిసార్లు కొట్టి, కొట్టినప్పుడల్లా ఒక నానోసెకన్ నిలిచిందనుకున్నా, సెకనులో మొత్తం ఒక్క మైక్రోసెకన్, అంటే పది లక్షల వంతు. దాంతో ఫ్రిజ్ నడుపుతారా? శ్రీశైలం నుంచి హైదరాబాద్ దాకా లైను పొడవునా లేజర్లు నిలబెడతారు, బాగానే ఉంది. వాటికి కరెంటు ఎక్కడిది, కొక్కేలు వేస్తారా? అదీ ఫార్వర్డ్ చేయండి.

పైగా అది నిజంగా సూపర్ కండక్టరేనా అన్న గొడవ తేలనే లేదు. టెరాహెర్ట్జ్ కాంతి (సెకనుకు లక్ష కోట్ల సార్ల లెక్కన ఊగే, కంటికి కనపడని కాంతి) తిరిగొచ్చిన తీరు చూసి లెక్కకట్టిందే ఎక్కువ. లేజర్ పైపొరను ఒకలా, లోపలిని ఇంకోలా మారుస్తుంది, ఆ తేడా సరిగా పట్టించుకోకపోతే లేనిది ఉన్నట్టు కనిపిస్తుందని వేరే భౌతిక శాస్త్రవేత్తల వాదన.

"గది వేడిమి" మాటనూ కొట్టిపారేద్దామనే కూర్చున్నా. వెతికితే, 10 టెరాహెర్ట్జ్ దగ్గర లేజర్ కొడితే గది వేడిమిలోనూ ఆ లక్షణాలు కనిపించాయని 2023లో అదే బృందం రాసింది. 2024లోనైతే ఇంకో పదార్థం లేజర్ తగలగానే అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టడం కూడా చూపించారు, అది సూపర్ కండక్టర్ గుర్తే. ఈ ఒక్క ముక్కలో మెసేజే రైటు, నేనే తప్పు.

కానీ మావయ్యా, ఆ ముక్క చూసి మీరు సోలార్ ఆపేశారని అత్తయ్య చెప్పింది. మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. ఫారం టీవీ కింద సొరుగులోనే ఉందట. ఆదివారం వస్తా, పాత కరెంటు బిల్లు ఒకటి తీసి ఉంచండి.