స్క్రీన్ మీద అంకెలు చెప్పండి సార్

శ్రావణమాసంలో మా బాబాయి కంప్యూటర్ పడకేసింది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లోపల్నుంచి కీ, కీ, కీ అని మూడు కూతలు, తెర మాత్రం అమావాస్య. కోనసీమలో ఇదేం వింత కాదు. ఇనప గేట్లనే తినేసే ఉప్పుగాలికి ర్యామ్ అనే ఆ చిన్న మెమరీ పలక ఒక లెక్కా? అమలాపురంలో ఏ రిపేరు కుర్రాడైనా ఆ కూత వినగానే పెన్సిల్ రబ్బరు కోసం జేబు తడుముకుంటాడు.

కానీ మాకు వారంటీ ఉంది. వారంటీ ఉన్నవాళ్లు రబ్బరు స్థాయికి దిగకూడదు కదా! కంపెనీకి ఫోన్ చేశాం. మనిషి రానక్కర్లేదట, రిమోట్‌లోనే, అంటే నెట్ మీదుగా మన కంప్యూటర్లోకి దూరి, చూసేస్తారట.

"మీ స్క్రీన్ మీద తొమ్మిది అంకెలు కనిపిస్తాయి, చెప్పండి సార్."

స్క్రీన్ వెలగడం లేదనే కదమ్మా ఫోన్ చేసింది?

"అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. స్క్రీన్ మీద అంకెలు చెప్పండి."

మంచం దిగలేని రోగిని, నడిచొచ్చి ఆ ముక్క అర్జీ రాసిమ్మన్నట్టుంది.

ఇక బాబాయి సంగతి. మా వైపు మర్యాదస్తుడు 'అవును' అనడు, 'ఆయ్' అంటాడు. "పవర్ కేబుల్ పెట్టారా సార్?" "ఆయ్." అది ఆ అమ్మాయికి 'హాయ్' అని వినపడింది. "హాయ్ సార్! కాల్ చేసినందుకు ధన్యవాదాలు. మీకు ఏ విధంగా సహాయపడగలను?" పాపం బాబాయి మళ్లీ అమావాస్య దగ్గర్నుంచి మొదలెట్టారు. "మానిటర్ ఆన్‌లో ఉందా సార్?" "ఆయ్." "హాయ్ సార్! కాల్ చేసినందుకు ధన్యవాదాలు..." నలభై నిమిషాలు! పిన్ని తెచ్చిన పెసరట్టు చల్లారి అట్టముక్కైంది. ఈ మధ్యలో కంప్యూటర్ తన రోగమేంటో తనే కూసి చెబుతోంది. దానికి ఆ అమ్మాయి, "మీ దగ్గర ఏదో శబ్దం వస్తోంది సార్, కాస్త ప్రశాంతమైన చోటుకి వెళ్లి మాట్లాడతారా?" బాబాయి నిజంగానే ఫోన్ పట్టుకుని కొబ్బరితోటలోకి వెళ్లిపోయారు. అక్కడ సిగ్నల్ ఉండదు.

సాయంత్రానికి మెసేజ్: 'మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది.' మర్నాడు రిపేరు కుర్రాడొచ్చి వారంటీ సీలు చింపి, ర్యామ్ పీకి, రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు. తెర వెలిగింది. రెండొందలు.

ప్రింటర్ డ్రైవరో, సెట్టింగులో అయితే దూరం నుంచి బాగుచేయొచ్చు, కాదనను. కాకపోతే కంప్యూటర్ వెలగాలి, నెట్ రావాలి. అంటే సగం బాగున్నవాళ్లకే ఈ వైద్యం.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. కంప్యూటర్ నెమ్మదించిందని నెట్‌లో వెతికి, దొరికిన 'హెల్ప్‌లైన్'కి ఫోన్ చేశారు. వాడూ సార్ అనే అన్నాడు. వాడూ కంప్యూటర్లోకి దారిచ్చే ఆ అంకెలే అడిగాడు. కంప్యూటర్ తన చిన్నాచితకా తప్పులన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్, తెరిచి ఎర్ర గుర్తులు చూపించి, వైరస్ అన్నాడు. నిక్షేపంలా నడిచే కంప్యూటర్లోనూ ఆ గుర్తులు బోలెడుంటాయి. లెక్కల మాస్టారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పింఛను ఖాతా ఊడ్చుకుపోయాడు. బ్యాంకులో మాత్రం, "చదువుకున్నవారు, అంకెలు ఎందుకు చెప్పారండీ?" అన్నారట.

ఎందుకు చెప్పారా? చెప్పడం నేర్పిందెవరు? ఊళ్లకి మనిషిని పంపడం మానేసి, ముక్కూ మొహం తెలియని గొంతుకి ఇంటి తెర అప్పగించడమే పద్ధతని మమ్మల్ని మప్పిందెవరు? దొంగ కొత్తగా ఏం కనిపెట్టలేదు, కంపెనీ బాబులూ, మీ స్క్రిప్టే చదివాడు! 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు, దూరం నుంచి తెర నడిపించే ఎనీడెస్క్ అనే యాప్ పేరెత్తి మరీ ఇలాంటి మోసాల గురించి బ్యాంకుల్ని హెచ్చరించింది. ఆ హెచ్చరిక మాస్టారి దాకా ఎందుకు రాలేదు? డబ్బు పోగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని ఆయనకి మూడో రోజున చెప్పారు. మూడో రోజున! సిగ్గుండాలి. ఆయనిప్పుడు సాయంత్రాలు అరుగు మీదకి రావడం లేదు.

మొన్న బాబాయికి మళ్లీ ఫోనొచ్చింది. "మా సేవతో సంతృప్తి చెందారా సార్?" ఆయన ఒకసారి నావైపు చూసి, మర్యాద చంపుకోలేక అననే అన్నారు.

"ఆయ్."

"హాయ్ సార్! కాల్ చేసినందుకు ధన్యవాదాలు..."