మీసాలొచ్చిన అండర్-14: రూన్‌స్కేప్‌లో చిన్న లెవెల్ పోరు

ఊళ్లో అండర్-14 కబడ్డీ పోటీలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అవతలి జట్టులో ఒకడికి మీసాలు వచ్చేసి ఉంటాయి. కాగితం మీద మాత్రం పదమూడేళ్లే. వాడు రైడ్‌కి వచ్చాడంటే మన పిల్లలు నలుగురు కాళ్లు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకుపోతాడు. రూన్‌స్కేప్‌లో ఉచిత ఖాతాల చిన్న లెవెల్ పోరు మాట వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మీసాలవాడే. కాకపోతే ఇక్కడ దొంగ సర్టిఫికెట్‌తో పని లేదు. ఆట లెక్కే వాడికి పదమూడేళ్లని రాసిస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో గోవర్ సోదరులు 2001 జనవరిలో మొదలుపెట్టిన ఆట ఇది. బ్రౌజర్‌లోనే నడిచేది కాబట్టి ఇంటర్నెట్ సెంటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోయినా ఆడుకునేవాళ్లం. 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ని దుమ్ము దులిపి, ఆటని నడిపే జాగెక్స్ కంపెనీ 2013లో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో మళ్లీ వదిలింది. 2015 నుంచి అందులోనూ ఉచితంగా ఆడుకోవచ్చు. 2018 అక్టోబరులో ఫోన్‌లోకి వచ్చింది. మ్యాప్‌లో ఉత్తరాన ఒక కందకం ఉంటుంది. అది దాటితే వైల్డర్‌నెస్. అక్కడ ఆటగాడు ఆటగాణ్ని చంపొచ్చు, వాడి సామాను తీసుకోవచ్చు. ఆడేవాళ్లు దీన్నే పీకే అంటారు.

ఎవరు ఎవరిని కొట్టొచ్చన్నదానికి ఒక నియమం ఉంది. వైల్డర్‌నెస్‌లో ఎంత లోతుకి పోయామో చెప్పే లెవెల్ ఒకటి ఉంటుంది, ఆటగాడి పోరాట బలాన్ని చెప్పే అంకెని కాంబాట్ లెవెల్ అంటారు. వైల్డర్‌నెస్‌లో అయిదో లెవెల్ దగ్గర నిలబడితే నీకంటే అయిదు కాంబాట్ లెవెళ్లు ఎక్కువున్నవాడి నుంచి అయిదు తక్కువున్నవాడి దాకా ఎవడైనా నీ మీద పడొచ్చు. లోపలికి పోయేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. పైకి న్యాయంగానే ఉంది. సమఉజ్జీల మధ్యే పోరు అన్నమాట. అసలు పేచీ ఆ కాంబాట్ లెవెల్‌ని లెక్కగట్టే పద్ధతిలో ఉంది.

ఇద్దర్ని తీసుకుందాం. మొదటివాడు కొత్తవాడు. అన్నీ సమంగా పెంచుకుంటూ వచ్చాడు: అటాక్ 40, స్ట్రెంత్ 40, డిఫెన్స్ 39, ప్రాణబలం 39. కాంబాట్ లెవెల్ 45. రెండోవాడు డిఫెన్స్‌ని ఒకటి దగ్గరే ఆపేసి, అటాక్ 40, స్ట్రెంత్ 60 చేసుకున్నాడు. అలా పెంచేసరికి ప్రాణబలం 50 దాకా వచ్చింది. వాడిదీ 45వ లెవెలే. సూత్రంలో డిఫెన్స్‌కి పావు వంతు విలువ ఉంది, అది పెంచనివాడికి ఆ మేరకు లెవెల్ ఆదా. రెండోవాడి చేతిలో రూన్ రెండు చేతుల కత్తి, మెడలో బలం తాయెత్తు, కడుపులో స్ట్రెంత్ మందు ఉంటే ఒక్క దెబ్బకి 18 దాకా పోతుంది. మందూ తాయెత్తూ సంగతి తెలియని మొదటివాడు రూన్ సిమిటార్ అనే వంపు కత్తితో ఎంత బలంగా కొట్టినా 9 దాటదు.

రెండోవాణ్ని ప్యూర్ అంటారు. వాడి దగ్గర ఇంకో కిటుకు ఉంది. కత్తి, విల్లు, మంత్రం మూడింట్లో ఏది ఎక్కువుంటే దాన్నే సూత్రం లెక్కలోకి తీసుకుంటుంది. కత్తి మీద ఇప్పటికే లెవెల్ కట్టేశాడు కాబట్టి విలువిద్య దాదాపు ఊరికే వస్తుంది. అందుకే ప్యూర్ ముందు మేపుల్ విల్లుతో 1.8 సెకన్లకో బాణం వేసి ఎదుటివాడి చేత ప్రాణం నింపుకునే తిండి తినిపిస్తాడు. ప్రాణం ఇరవై లోపుకి దిగగానే పెద్ద కత్తికి మారతాడు. ఆ కత్తి 4.2 సెకన్లకి ఒక్కసారే లేస్తుంది, ఆ ఒక్కసారి సరైన చోట పడితే చాలు.

నా మీద పడింది కూడా అలాగే. 2007 వేసవి, కూకట్‌పల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటరు, పక్క సీట్లో ఎవరో రైల్వే రిజర్వేషన్ చూసుకుంటున్నారు. కందకం దాటి పది అడుగులు వేశానో లేదో ఒంటి మీద కవచమైనా లేని, తోలు చొక్కా వేసుకున్న బక్కవాడొకడు బాణాలు మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది. నిండా అడమంట్ కవచం నాది. మూడు లాబ్‌స్టర్లు తిన్నాను. నాలుగోది తినబోతుండగా తెర మీద ఒక ఎర్ర అంకె మెరిసింది, తర్వాత చూస్తే, చచ్చినవాళ్లు మళ్లీ లేచే లంబ్రిడ్జ్ ఊళ్లో నిలబడి ఉన్నాను. విలువైన మూడు వస్తువులు ఆట దయవల్ల మిగిలాయి. డాలు, హెల్మెట్, మిగతా చేపలు వాడికి పోయాయి. అరగంట మిగిలుండగానే సీట్లోంచి లేచి ఇంటికి వెళ్లిపోయాను.

అయినా నేను ఈ పోరుని తిట్టేవాళ్ల పక్షం కాదు. ఇందులో ఉన్న మంచి వేరే ఆటల్లో అరుదు. డబ్బు కట్టే ఖాతాల పోరులో గడ్డకట్టించే మంత్రాలు, ప్రత్యేక దెబ్బలున్న ఆయుధాలు, ఒక్క దుస్తుకే కోట్ల నాణేలు. చూసేవాడికి ఏం జరుగుతోందో అర్థం కాదు. ఉచిత పోరులో చేతిలో ఉండేవి నాలుగైదు వస్తువులే. ఎప్పుడు తినాలి, ఎప్పుడు కత్తి మార్చాలి, ఎదుటివాడి సంచిలో ఇంకెన్ని చేపలు మిగిలాయో ఎలా అంచనా కట్టాలి... మొత్తం విద్య కళ్ల ముందే ఉంటుంది. పోయిన సరంజామా కాస్త ఓపిక పడితే తిరిగొస్తుంది. ఓటమికి రుచి ఉంటుంది కానీ ఇల్లు కూలదు. బీజీఎంఐ లాంటి తుపాకీ ఆటలో చచ్చిపోతే ఇంకో మ్యాచ్ నొక్కుతాం, పోయిందేమీ ఉండదు. అలా ఏమీ పోకపోతే గుండె కొట్టుకోదు కూడా.

మన వైపు నుంచి ఆడేవాళ్లకి మరో మేలు ఉంది. ఈ ఆట గడియారం 0.6 సెకన్లకోసారి కొట్టుకుంటుంది. ఆ లోపల ఎప్పుడు నొక్కినా లెక్క ఒకటే. హైదరాబాద్ నుంచి లండన్ సర్వర్‌కి రెండొందల మిల్లీ సెకన్ల ఆలస్యం ఉన్నా ఆ 0.6 సెకన్ల లోపలే నెట్టుకురావచ్చు. తుపాకీ ఆటల్లో అంత ఆలస్యం ఉంటే శత్రువు కనబడేలోపే చచ్చి ఉంటాం.

ఇక చెడు సంగతి. ఉచితం అనే మాటలోనే అది దాగుంది. ఖాతా తెరవడానికి రూపాయి అవసరం లేనప్పుడు పరువుకీ విలువ ఉండదు. ఒకణ్ని మోసం చేసి కందకం దాటించి చంపినా, తిట్టి పారిపోయినా, ఖాతా నిషేధించినా రేపు ఇంకోటి తెరుస్తాడు. ఒంటరి పోరు అనుకుని వెళితే గుంపుగా పడే చోట్లు వేరే ఉన్నాయి, అక్కడ పదిమంది ఒకడి మీద పడటాన్ని పోరాటం అనడం కూడా దండగ.

ఇంకా లోతైనది బంగారం వ్యాపారం. ఇద్దరు మాట్లాడుకుని ఒకడు చచ్చి సామాను పడేస్తే అది పోరాటం కాదు, బదిలీ. ఆట నాణేల్ని అసలు డబ్బుకి అమ్మే ముఠాలకి ఇది తెరిచిన తలుపు. వాళ్లు దొంగిలించిన క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కట్టడం జాగెక్స్ మెడకి చుట్టుకుంది. దాంతో 2007 డిసెంబరు 10న వైల్డర్‌నెస్‌లో చంపుకోవడాన్నీ, 2008 జనవరిలో స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకోవడాన్నీ తీసేసింది. చాలామంది ఆట మానేశారు. చివరికి ఆటగాళ్ల ఓటు పెట్టి 2011 ఫిబ్రవరి 1న రెండూ తిరిగి తెచ్చింది. ఎలకల కోసం ఇల్లు తగలబెట్టినట్టు అని అప్పట్లో నేనూ అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పరిస్థితిలో వాళ్లకి వేరే దారి కనబడి ఉండదు.

ఆ అనుభవం నుంచే ఓల్డ్ స్కూల్‌లో కొత్త ఉచిత ఖాతాలకి ఇచ్చిపుచ్చుకోవడంలో ఆంక్షలు వచ్చాయి. 20 గంటల ఆట, మొత్తం 100 లెవెళ్లు, ఆటలోని కథల పనులు (క్వెస్ట్‌లు) చేస్తే వచ్చే 10 క్వెస్ట్ పాయింట్లు దాటితేనే అవి తొలగుతాయి. ఇక్కడే నాకు చిరాకు. వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి ఎవడు కొత్తవాడో గుర్తుపట్టడం ఈ ఆటకి బాగా తెలుసు. చంపడం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి మాయమై, కాంబాట్ లెవెల్ ఒక్కటే చూస్తుంది.

కొత్త రూన్‌స్కేప్‌లో 2022 నుంచి ఒప్పుకున్నవాళ్ల మధ్యే పోరు. అది నాకు నచ్చలేదు. భయం లేని వైల్డర్‌నెస్ ఒట్టి ఖాళీ స్థలం. అంత దూరం పోనక్కర్లేదు. ఆ 20 గంటలు, 10 పాయింట్ల గీటురాయినే కందకం దగ్గరా పెట్టొచ్చు. అది దాటనివాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు, వాడూ ఎవర్నీ ముట్టుకోకూడదు. బాట్‌లు, అంటే మనిషి లేకుండా వాటంతటవే ఆడే ప్రోగ్రాములు, ఆ రక్షణలో దాక్కుంటాయని అంటారు. దాక్కోనివ్వండి. ఆ గంటల్లో వాటికి సరుకు చేతులు మార్చుకునే వీలే సరిగా లేదు కదా. ప్యూర్‌లకి వేట కాస్త తగ్గుతుంది. అది నష్టమేమీ కాదు. వాళ్లకి వాళ్లున్నారు, అసలైన పోరు కూడా ప్యూర్‌కీ ప్యూర్‌కీ మధ్యదే.

ఇంతా చెప్పి ఒకటి దాచడం బాగుండదు. ఫోన్‌లోకి వచ్చాక నేనూ ఒక ప్యూర్‌ని పెంచాను. మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట వెళ్లేలోపు రెండు మూడు పోరాటాలు అయ్యేవి. ఒకరోజు ఒకణ్ని కొట్టాను. సరిగ్గా నా లెక్కలోని మొదటివాడి లాంటివాడే. నిండా కవచం, పారిపోవాలన్న ఊహ కూడా లేదు. పడిపోయాక సామాను చూశాను: అగ్గిపెట్టె, కంచు గొడ్డలి, మూడు ట్రౌట్ చేపలు, సగం తిన్న కేకు. పీకేకి వచ్చినవాడు సంచిలో అగ్గిపెట్టె పెట్టుకుని రాడు. కట్టెలు కొట్టుకోవడానికి వచ్చి దారి తప్పి ఉంటాడు. అమీర్‌పేట వచ్చినా దిగకుండా, తిరిగొస్తాడేమోనని కందకం పక్కన నిలబడి చూశాను. రాలేదు.